సీమకాగితం, మన కాగితం

జూన్ నెలలో బడులు తెరిచేనాటికి అనకాపల్లి బజారులో నోటుపుస్తకాల దొంతరలు పేరుకుంటాయి. పుస్తకం కొన్న విద్యార్థిని ఆ కాగితం ఎక్కడిదని అడిగితే అట్టమీద అచ్చయిన పేరు చదివి చెపుతాడు. ఆ పేరు పుస్తకాన్ని కుట్టినవారిది. లోపలి కాగితం రాజమహేంద్రవరంలో తయారై ఉండవచ్చును, తమిళనాడులో తయారై ఉండవచ్చును, ఓడమీద వచ్చినదైనా కావచ్చును. దాని పైనున్న ముతక అట్టలోని పీచు కొంతకాలం క్రిందట లండను నగరంలో ఎవరి ఇంటికో సామాను తెచ్చిన పెట్టెలోనిదైనా ఆశ్చర్యపడనక్కరలేదు.

నూరు, నూటయాభై సంవత్సరాల క్రిందట ఈ ప్రశ్నకు సమాధానం సులభంగా ఉండేది. నున్నని తెల్లకాగితాన్ని జనం ‘సీమకాగితం’ అనేవారు. సీమ అంటే ఇంగ్లండు. ఆ మాట ఎట్లా వచ్చినది, ఎందుకు పోయినది అన్న చరిత్రలో భారతదేశానికీ బ్రిటనుకూ మధ్య జరిగిన కాగితపు వర్తకమంతా ఇమిడి ఉన్నది. ఆ వర్తకాన్ని టన్నులలోనో రూపాయలలోనో మాత్రమే కొలిస్తే సగం కథ కనబడదు. ఏ దేశం కాగితం పంపినది, ఏ దేశం పీచు పంపినది అని కూడా చూడవలెను.

తాటాకు నుంచి ఠావు వరకు

చైనాలో సామాన్యశకం 105 ప్రాంతంలో త్సాయ్ లున్ అనే రాజోద్యోగి చెట్టుబెరడు, జనుము, చింకిగుడ్డలు, పాతవలలు నానబెట్టి దంచి కాగితం చేయించాడని చెపుతారు. ఆ విద్య మధ్య ఆసియా, పారశీకం మీదుగా మన దేశానికి వచ్చినది. ‘కాగితం’ అనే తెలుగు మాట పారశీకపు ‘కాగజ్’ నుంచి వచ్చినదే.

అయితే కాగితం వచ్చినంత మాత్రాన తాటాకు పోలేదు. మన జిల్లాలలో కరణాలు గంటంతో తాటాకుమీద గ్రామలెక్కలు వ్రాసి కవిలెకట్టలుగా దాచేవారు. తాటాకు ఊళ్ళోనే దొరికేది. దానికి ఖర్చు లేదు. కాగితం మాత్రం కొన్ని చోట్లనే చేతితో తయారయ్యేది. పాలమూరు ప్రాంతంలోని కోయిలకొండ అటువంటి చోటు. పాతగోనెలు, చింకిగుడ్డలు, నారముక్కలు సున్నపునీటిలో నానబెట్టి, కాలితో తొక్కే రోకళ్ళతో దంచి, పలుచని తడికెమీద ఆ గుజ్జును పట్టి ఆరవేసేవారు. తరువాత గంజి పూసి, గవ్వతోనో రాతితోనో రుద్ది నునుపు చేసేవారు. ఇరవైనాలుగు ఠావులు ఒక దస్తా, ఇరవై దస్తాలు ఒక రీము. ఈ పద్ధతిలో మనిషి రోజంతా పనిచేసినా తయారయ్యే ఠావులను వందలలోనే లెక్కించవలసి ఉండేది.

దక్షిణభారతంలో ఐరోపా పద్ధతిని ప్రవేశపెట్టే ప్రయత్నం 1716 ప్రాంతంలోనే జరిగినది. తరంగంబాడిలోని డేనిష్ మతప్రచారకులు తమ అచ్చుకూటానికి కాగితపు మిల్లు కట్టించారు గాని అది ఎక్కువకాలం నిలువలేదు. బెంగాలులోని శ్రీరాంపురంలో కేరీ మొదలైన వారు స్థాపించిన మిల్లుకు 1820లో ఇంగ్లండులోని బోల్టన్ పట్టణం నుంచి ఆవిరియంత్రం వచ్చినది. ఆ సంవత్సరాలలోనే ఐరోపాలో మరొక పెద్ద మార్పు వచ్చినది. ఫ్రాన్సు దేశస్థుడు లూయీ నికొలా రాబర్ట్ 1798 ప్రాంతంలో కనిపెట్టిన యంత్రాన్ని ఇంగ్లండులో ఫోర్డ్రినియర్ సోదరులు 1800 తరువాతి సంవత్సరాలలో అభివృద్ధి చేయించారు. ఆ యంత్రంలో గుజ్జు ఒక కదిలే తీగవలమీద పారి, నీరు కారి, ఆవిరితో వేడెక్కిన లోహపు దొర్లెలమీద ఆరి, తెగని పట్టీగా బయటికి వస్తుంది. ఠావు వెంట ఠావు తీసే చేతికి, ఆగకుండా తిరిగే యంత్రానికి పోటీ ఏమిటి?

పైగా బ్రిటనులో కాగితంమీద ఉన్న దేశీయసుంకాన్ని 1861లో రద్దుచేశారు. అక్కడి కాగితం ఇంకా చౌక అయినది. మన రేవులలో దిగే కాగితపు మూటలు పెరిగినవి.

ఒక ఉత్తరువు చేసిన పని

చౌక ఒక్కటే ఈ వర్తకాన్ని నడిపినదనుకోరాదు. ఆ కాలంలో మన దేశంలో కాగితం అందరికంటె ఎక్కువగా కొనేది ప్రభుత్వమే. కచేరీలు, కోర్టులు, తపాలా, రైల్వేలు, అచ్చుకూటాలు అన్నీ కాగితంమీదనే నడుస్తాయి. 1859 నుంచి 1866 వరకు భారతదేశ వ్యవహారాల మంత్రిగా లండనులో పనిచేసిన సర్ చార్లెస్ వుడ్, ప్రభుత్వానికి కావలసిన కాగితమంతా బ్రిటనులోనే కొనవలెనని ఉత్తరువు చేశాడు. దానివల్ల మన కాగితపు పనివారి పెద్ద గిరాకీ ఒక్క కలంపోటుతో పోయినది. అంతకుముందే యంత్రకాగితంతో పోటీపడలేక నీరసించిన చేతిపరిశ్రమ ఈ దెబ్బనుంచి తేరుకోలేకపోయినది.

మన దేశంలో యంత్రపు మిల్లులు ఆ తరువాతనే తలయెత్తినవి. కలకత్తా దగ్గర బాలీలో 1870 ప్రాంతంలో ఒకటి, లక్నోలో 1879లో ఒకటి వచ్చినవి. 1882లో టిటాగఢ్ కంపెనీ ఏర్పడినది. 1880ల దశకంలో ప్రభుత్వం తన కొనుగోలు నియమాలను కొంత సడలించి, దేశంలో తయారైన సరుకును కొనడానికి దారి తెరిచినది. ఈ తొలి మిల్లులు నిలదొక్కుకొనడానికి ఆ ప్రభుత్వపు గిరాకీ ఎంతో తోడ్పడినది. ఏ గిరాకీని పోగొట్టి పాతపరిశ్రమను చంపారో, ఆ గిరాకీలో కొంత తిరిగి ఇచ్చేసరికి కొత్తపరిశ్రమ బ్రతికినది. రెండు దేశాల వర్తకపు అంకెలను చూచేటప్పుడు వాటి వెనుక ఇటువంటి ఉత్తరువులున్నవా అని కూడా విద్యార్థి అడుగవలెను.

టన్నుకు టన్ను సరిపోతుందా?

ఇక్కడ కొంచెం ఆగి, వర్తకాన్ని కొలిచే పద్ధతిని చూడడం మంచిది. పాత బ్రిటిష్ పట్టీలలో కాగితం బరువు హండ్రెడ్‌వెయిట్లలో ఉంటుంది. దాని పేరులో వంద ఉన్నా, బరువు 112 పౌన్లు, అంటే దాదాపు 50.8 కిలోలు. ఇరవై హండ్రెడ్‌వెయిట్లు ఒక టన్ను. అది 2,240 పౌన్లు, అనగా 1,016 కిలోలు. నేటి మెట్రిక్ టన్ను సరిగా 1,000 కిలోలు. రీము కూడా ఇటువంటిదే. పాతరీముకు 480 ఠావులు, నేటి రీముకు 500. పాత అంకెను కొత్త అంకె పక్కన తిన్నగా పెడితే, వర్తకం మారకపోయినా లెక్క మారినట్లు కనిపిస్తుంది.

సంవత్సరం కూడా ఒకటి కాదు. మన వర్తకసంవత్సరం ఏప్రిలులో మొదలై మార్చిలో ముగుస్తుంది. బ్రిటనులో జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కిస్తారు. పంపే దేశం రేవులో ఓడ ఎక్కించేనాటి విలువ వ్రాసుకొంటుంది. దిగే దేశం దానికి ఓడకూలి, బీమా చేర్చి వ్రాసుకొంటుంది. అందువల్ల ఒకే మూటకు రెండు దేశాలు రెండు విలువలు చూపుతాయి. ఇక నార్వేలోనో జర్మనీలోనో తయారైన కాగితం లండను రేవులో ఓడ మారి వస్తే, ఓడ బయలుదేరిన రేవునుబట్టి లెక్క వ్రాసేచోట అది బ్రిటిష్ సరుకుగా నమోదవుతుంది.

నేటి అంతర్జాతీయ సుంకపు పట్టీలో 47వ అధ్యాయం గుజ్జుకూ చిత్తుకాగితానికీ, 48వది కాగితానికీ అట్టకూ, 49వది అచ్చయిన పుస్తకాలకూ కేటాయించారు. ఈ మూడింటిని వేరువేరుగా చూడవలెను. పుస్తకం కూడా కాగితమే గదా! 48వ అధ్యాయం ఒక్కటే చూచి రెండు దేశాలను పోల్చేవాడు పుస్తకాలలో వచ్చిన కాగితాన్ని మరచిపోతాడు. 47వ అధ్యాయాన్ని వదిలివేసేవాడు అంతకంటె పెద్ద సంగతినే మరచిపోతాడు. అది పీచు సంగతి.

గడ్డి, గోనె, వెదురు

కాగితానికి ప్రాణం సెల్యులోజు అనే పదార్థంతో ఏర్పడిన సన్నని పీచు. మొక్కలో ఈ పీచులను లిగ్నిన్ అనే బంక కలిపి ఉంచుతుంది. క్షారంతో గాని ఇతర రసాయనాలతో గాని ఉడికించి లిగ్నిన్‌ను కరిగించివేస్తే పీచు విడిపోయి గుజ్జవుతుంది. గుడ్డపీలికలలో లిగ్నిన్ లేనట్లే గనుక తొలిరోజులలో ఐరోపా కాగితమంతా వాటితోనే తయారైనది.

విచిత్రమేమంటే, ప్రపంచానికి కాగితం అమ్మిన బ్రిటనులో దానికి సరిపడినంత పీచు లేదు. గుడ్డపీలికలు చాలలేదు, పెద్ద అడవులు లేవు. థామస్ రౌట్‌లెడ్జ్ అనే మిల్లు యజమాని స్పెయిను, ఉత్తర ఆఫ్రికాల నుంచి ఎస్పార్టో అనే గడ్డిని తెప్పించి దానితో కాగితం చేయడం ప్రచారంలోకి తెచ్చాడు. ఆయనే 1875లో వెదురు కూడా కాగితానికి పనికివస్తుందని ఒక చిన్నపుస్తకం ప్రకటించాడు. బెంగాలు నుంచి జనపనార కత్తిరింపులు, పనికిరాని నార, పాతగోనెలు బ్రిటనుకూ అమెరికాకూ ఓడలలో వెళ్ళి అక్కడ ముతకకాగితంగా, అట్టగా మారేవి.

ఇప్పుడు త్రాసును చూడండి. ఒక సిబ్బెలో మన గోనెపీలికలు. రెండవ సిబ్బెలో వారి కాగితం. బరువులు సమానంగా ఉన్నా విలువలు సమానం కావు. పీచుకూ కాగితానికీ మధ్య బొగ్గు, క్షారం, యంత్రం, నేర్పరి అయిన పనివాడు ఉన్నారు. వారి కూలి, వారి లాభం ఆ దేశంలోనే మిగిలిపోతాయి. బ్రిటను అమ్మినది ఈ నడిమి పనినే.

మన మిల్లులు మొదట ఉత్తరాది సబాయి గడ్డితోను, గుడ్డలతోను, జనపనార చెత్తతోను పనిచేసినవి. పందొమ్మిదవ శతాబ్దం చివరకు ఐరోపాలో కొయ్యగుజ్జు కాగితం విరివిగా తయారై, మన గడ్డికాగితంకంటె చౌకగా మన రేవులకు వచ్చినది. అప్పటికి పోటీ బ్రిటనుతో మాత్రమే కాదు. జర్మనీ, ఆస్ట్రియా, నార్వేలు కూడా రంగంలోకి దిగినవి.

1914లో యుద్ధం రాగానే జర్మనీ, ఆస్ట్రియాల సరుకు ఆగిపోయినది. బ్రిటను నుంచి ఓడలు దొరకలేదు. కాగితం ధర విపరీతంగా పెరిగి, ఉన్న కొద్దిపాటి దేశీయ మిల్లులకు చేతినిండా పని దొరికినది. ఇతరుల ఓడమీద ఆధారపడిన దేశానికి కాగితం కరవు ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసివచ్చినది.

అప్పటికే డెహ్రాడూనులోని అటవీపరిశోధనాలయంలో విలియం రైట్ అనే నిపుణుడు వెదురును పరీక్షిస్తున్నాడు. వెదురుపీచు రెండుమూడు మిల్లీమీటర్ల పొడవు గలది, కాగితానికి మంచిది. కాని వెదురులో పిండిపదార్థం, పెక్టిన్ కూడా ఉండడంవల్ల ఒకేసారి ఉడికిస్తే గుజ్జు నల్లబడి, తెలుపు చేయడానికి మందు ఎక్కువగా పట్టేది. రైట్ దీనిని రెండు దఫాలుగా ఉడికించాడు. మొదట పలుచని క్షారంతో పిండిపదార్థాలను, తరువాత చిక్కని క్షారంతో లిగ్నిన్‌ను తొలగించాడు. కణుపులు గట్టివి గనుక వెదురును ముందుగా నలుగగొట్టడం కూడా అవసరమైనది. 1918లో బెంగాలులో ఇండియా పేపర్ పల్ప్ కంపెనీ ఏర్పడినది. పీచును అడవినుంచి మిల్లుకు తేగలిగే దారి దొరికినది గాని, సీమకాగితపు ధర మాత్రం ఇంకా అడ్డు నిలిచి ఉన్నది.

పౌనుకు ఒక అణా

యుద్ధం ముగియగానే దిగుమతి కాగితం మళ్ళీ చౌకగా వచ్చి పడినది. దేశీయ మిల్లులు రక్షణ కోరినవి. సుంకాల విచారణసంఘం పరిశీలించిన మీదట 1925లో వెదురుకాగితపు పరిశ్రమ రక్షణచట్టం వచ్చినది. వ్రాతకాగితం, అచ్చుకాగితాలలో పలురకాలమీద పౌనుకు ఒక అణా సుంకం విధించారు. దీనిని లెక్కకట్టడం విద్యార్థులకు మంచి అభ్యాసం. టన్నుకు 2,240 పౌన్లు గనుక 2,240 అణాలు; రూపాయికి పదహారు అణాలు గనుక టన్నుకు 140 రూపాయలు. ఆ రోజులలో అది చిన్న మొత్తం కాదు. పత్రికలకు వాడే న్యూసుప్రింటుకు మాత్రం మినహాయింపు ఉన్నది. నూటికి 65 పాళ్ళు లేదా అంతకు మించి యంత్రంతో నూరిన కొయ్యగుజ్జు ఉంటే దానిని న్యూసుప్రింటుగా ఎంచారు.

చట్టం పేరు వెదురుది. కాని మిల్లులవారు వెదురు జోలికి అంతగా పోలేదు. కాగితంమీద సుంకం ఉన్నది, గుజ్జుమీద అటువంటి రక్షణసుంకం లేదు. అందుచేత ఐరోపా నుంచి కొయ్యగుజ్జును తెచ్చి ఇక్కడ కాగితం చేయడం లాభసాటి అయినది. కాగితపు దిగుమతి లెక్కను మాత్రమే చూచినవారు పరిశ్రమ స్వయంసమృద్ధి వైపు నడుస్తున్నదని సంతోషించి ఉందురు. గుజ్జు లెక్కను చూచినవారికి మాత్రం పరాధీనత చోటు మారినదే గాని పోలేదని తెలిసి ఉండును. ఈ లోపాన్ని గుర్తించి 1932లో చట్టాన్ని పొడిగించినప్పుడు దిగుమతి గుజ్జుమీద కూడా టన్నుకు 45 రూపాయల సుంకం వేశారు. ఆ తరువాత వెదురుగుజ్జు వాడకం బాగా పెరిగినది.

తెలుగునేల మిల్లులు

తెలుగునేలమీద ఈ చరిత్రకు సాక్షిగా నిలిచినది రాజమహేంద్రవరపు మిల్లు. అది 1924లో కర్నాటిక్ పేపర్ మిల్స్ అనే పేరుతో ఉత్పత్తి మొదలుపెట్టినది. ప్రక్కనే గోదావరి నీరు. ఎగువన ఏజెన్సీ అడవుల వెదురు. ఆటుపోట్లు అనేకం తిని, చేతులు మారి, ప్రభుత్వం ఆధీనంలో కూడా ఉండి, 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌గా రూపొందినది. 2011లో అమెరికా వారి ఇంటర్నేషనల్ పేపర్ కంపెనీ దానిని కొన్నది. 2019లో అది మళ్ళీ భారతీయ సంస్థ అయిన వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికి వచ్చినది.

నిజాం రాజ్యంలో ఆదిలాబాదు జిల్లాలో సిర్పూరు పేపర్ మిల్స్ 1938లో ఏర్పడి 1942లో ఉత్పత్తి ప్రారంభించినది. దానిచుట్టూ పెరిగిన ఊరికి కాగజ్‌నగర్ అని పేరు వచ్చినది. ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో జె.కె. పేపర్ సంస్థ ఆధ్వర్యంలో తిరిగి తెరుచుకున్నది. మిల్లు మూతపడిన ఆ నాలుగేళ్ళలో ఊరికి పేరు మిగిలినది గాని పని మిగలలేదు. భద్రాచలం ఎదుట, గోదావరికి ఆవలిగట్టున సారపాక వద్ద భద్రాచలం పేపర్‌బోర్డ్స్ 1979లో ఉత్పత్తి ప్రారంభించినది, 2002లో ఐ.టి.సి.లో విలీనమైనది. పెట్టెలకు కావలసిన నాణ్యమైన అట్ట తయారీలో అది దేశంలో ముఖ్యమైన కేంద్రం.

ఈ మిల్లుల గిరాకీకి అడవి వెదురు చాలలేదు. బుట్టలు, చాపలు అల్లే మేదరులకూ మిల్లులకూ ఒకే పొద దగ్గర పోటీ ఏర్పడినది. 1988 నాటి జాతీయ అటవీవిధానం పరిశ్రమలు తమ ముడిసరుకును రైతులతో సంబంధం పెట్టుకొని పెంచుకోవలెనని నిర్దేశించినది. అప్పటినుంచి సరుగుడు, సుబాబుల్, నీలగిరి తోటలు కోస్తా పొలాలలో విస్తరించినవి. సరుగుడుపీచు పొడవు దాదాపు ఒక మిల్లీమీటరే; వెదురుపీచుకంటె పొట్టి. అయినా నునుపైన వ్రాతకాగితానికి అది చక్కగా పనికివస్తుంది.

తారుమారైన త్రాసు

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1950–51లో మన దేశంలో కాగితం, అట్ట కలిపి తయారైనది సుమారు 1 లక్షా 16 వేల టన్నులు. అప్పటి జనాభా 36 కోట్లకు పంచితే తలకు ఏడాదికి 320 గ్రాములు! ఒక లావుపాటి పుస్తకం బరువు. అదే సమయంలో మన జనాభాలో ఏడవవంతు మాత్రమే గల బ్రిటను 20 లక్షల టన్నులకు మించి తయారుచేస్తున్నది.

తరువాతి కథను అంకెలే చెపుతాయి. మన ఉత్పత్తి 1960–61లో సుమారు 3 లక్షల 50 వేల టన్నులు. 1970–71లో 7 లక్షల 55 వేలు. 1980–81లో 11 లక్షల 50 వేలు. 1990–91లో దాదాపు 21 లక్షలు. 2000–01లో 31 లక్షల ప్రాంతం. న్యూసుప్రింటు తయారీకి మధ్యప్రదేశ్‌లోని నేపానగర్ మిల్లును 1956లో ప్రధాని నెహ్రూ జాతికి అంకితం చేశాడు. అంతవరకు మన పత్రికలకు కావలసిన న్యూసుప్రింటు కెనడా, స్కాండినేవియా వంటి దూరదేశాలనుంచే రావలసి ఉండేది. తరువాత కూడా చాలాకాలం దిగుమతి సాగినది.

బ్రిటను ఉత్పత్తి 2000 ప్రాంతంలో 66 లక్షల టన్నుల శిఖరాన్ని అందుకొని, ఆపైన తగ్గుముఖం పట్టినది. చౌక గుజ్జు గల దేశాలతో పోటీ, ఇంధనపు ఖర్చు, పత్రికల వాడకం పడిపోవడం ఇందుకు కారణాలు. 2019 నాటికి అది 40 లక్షల టన్నుల లోపునకు దిగినది. ఆ సమయానికి మన ఉత్పత్తి కోటిన్నర టన్నులు దాటినది. రెండు గీతలు గీచి చూస్తే, 2000కూ 2010కీ మధ్య అవి ఒకదానినొకటి ఖండించుకొంటాయి. సీమకాగితం అనే మాట నిఘంటువులో మిగిలి, దుకాణంలో అదృశ్యమైనది. బ్రిటను నేడు తనకు కావలసిన కాగితంలో పెద్దభాగాన్ని ఇతరదేశాలనుంచి కొనుక్కొనే దేశం.

చిత్తుకాగితపు ప్రయాణం

అయితే రెండు దేశాల మధ్య ఓడలు ఆగలేదు, సరుకు మారినది. బ్రిటను ఇళ్ళలోను, అంగళ్ళలోను వాడి పారవేసిన అట్టపెట్టెలు, పత్రికలు పోగుచేస్తారు. అక్కడి మిల్లులు తగ్గిపోయినందున పోగైనదానిలో సగానికి పైగా విదేశాలకు పంపుతున్నారు. చాలాకాలం అది చైనాకు వెళ్ళేది. చైనా 2018 నుంచి ఆంక్షలు బిగించి, 2021 జనవరి 1 నుంచి వ్యర్థపదార్థాల దిగుమతిని పూర్తిగా నిషేధించినది. అప్పటినుంచి ఆ సరుకుకు భారతదేశం ఒక ముఖ్యమైన అంగడి అయినది. మన చిన్నమిల్లులు అనేకం దానిని నీటిలో నానబెట్టి, పిన్నులు, తీగలు, ప్లాస్టిక్ ఏరివేసి, మళ్ళీ ముతకకాగితంగాను అట్టగాను చేస్తున్నవి.

గమనించండి! నూటయాభై ఏళ్ళ క్రిందట మన పాతగోనెలు అక్కడికి వెళ్ళి అట్టలయ్యేవి. నేడు వారి పాతఅట్టలు ఇక్కడికి వచ్చి కొత్తఅట్టలవుతున్నవి. నడిమి పని మన చేతికి వచ్చినది. ఇది సంతోషించదగిన సంగతే. కాని దీనికి రెండు హద్దులున్నవి.

మొదటిది పదార్థపు హద్దు. పీచును ఎన్నిసార్లయినా తిరిగి వాడలేము. ఎండి, నాని, నలిగిన ప్రతిసారి అది పొట్టిదవుతుంది, గట్టిపడుతుంది, నీటిని పీల్చి ఉబ్బే గుణం కోల్పోతుంది. ఐదారుసార్లు తిరిగేసరికి సామాన్యంగా జల్లెడలో నిలువక కొట్టుకొనిపోతుంది. కాబట్టి ఎక్కడో ఒకచోట కొత్తపీచు వచ్చి కలుస్తూ ఉండవలెను. రెండవది ఆధీనతకు సంబంధించిన హద్దు. 1925 తరువాత గుజ్జు విషయంలో జరిగినది మరచిపోరాదు. పారవేసే దేశం తన విధానాన్ని మార్చుకొన్నా, ఓడకూలి పెరిగినా, చిత్తుకాగితంమీద ఆధారపడిన మిల్లుకు ఊపిరి ఆడదు.

అనకాపల్లి పొలంలోని ప్రశ్న

ఈ చర్చ లెక్కల పుస్తకంలో ముగిసేది కాదు. అనకాపల్లి జిల్లా తీరపు ఇసుకనేలలు మొదలుకొని నెల్లూరు దాకా సరుగుడు వేసిన రైతు కోతకు మూడు నుంచి ఐదేళ్ళు వేచి ఉండవలెను. వరి రైతు ధర బాగులేకపోతే మరుసటి పంట మార్చుకొంటాడు. సరుగుడు రైతు మొక్క నాటేనాటి ధరను చూచి, కొట్టేనాటి ధరకు తలవంచవలెను. ఆ ధర మిల్లు గేటుదగ్గర నిర్ణయమవుతుంది. మిల్లువారి శక్తి దిగుమతి కాగితం ధరమీద ఆధారపడుతుంది.

నేడు ఆ దిగుమతి ప్రధానంగా బ్రిటను నుంచి కాదు. 2010 జనవరి 1న ఆగ్నేయాసియా దేశాలతో స్వేచ్ఛావర్తకపు ఒప్పందం అమలులోకి వచ్చినది. కాగితపు పరిశ్రమ సంఘం చూపిన లెక్క ప్రకారం మన కాగితం, అట్టల దిగుమతి 2010–11లో 5 లక్షల 40 వేల టన్నులు. 2018–19లో 14 లక్షల 80 వేల టన్నులు. విలువ సుమారు 3,400 కోట్ల రూపాయల నుంచి 9,100 కోట్లకు పెరిగినది. భాగించి చూస్తే టన్ను విలువ 63 వేల రూపాయల ప్రాంతం నుంచి 62 వేల లోపునకు వచ్చినది. ఎనిమిదేళ్ళలో కూలి, కరెంటు, కర్ర అన్నింటి ఖర్చూ పెరిగినా దిగుమతి టన్ను విలువ మాత్రం పెరగలేదు. విలువను మాత్రమే చూచినవారికి ఇది కనబడదు. బరువును మాత్రమే చూచినవారికీ కనబడదు. రెండింటినీ కలిపి భాగిస్తేనే రైతుమీదా మిల్లుమీదా పడిన ఒత్తిడి తెలుస్తుంది. భారత బ్రిటనుల మధ్య కూడా 2025 జూలై 24న సమగ్ర వర్తకపు ఒప్పందంమీద సంతకాలైనవి. ఇటువంటి ఒప్పందాల ఫలితాన్ని తూచేటప్పుడు 47, 48 అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదవడం అవసరం.

ఊరిలోనే మరొక పీచు ఉన్నది. అనకాపల్లి బెల్లానికి దేశమంతటా పేరు. చెరకు పరిశోధన ఇక్కడ 1913 నుంచి జరుగుతున్నది. గానుగలో రసం పిండగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి పెనం క్రింద మండించి బెల్లం వండుతారు. ఆ పిప్పి కూడా కాగితపు పీచే. తమిళనాడులో కరూరు దగ్గర కాగితపురం వద్దనున్న ప్రభుత్వపు మిల్లు 1980ల నుంచి చెరకుపిప్పితో కాగితం చేస్తున్నది. పిప్పి ఇచ్చిన పంచదార మిల్లులకు బదులుగా ఆవిరినో ఇంధనాన్నో సమకూర్చే పద్ధతి అక్కడ అవలంబించారు. బెల్లపు గానుగలు చిన్నవి, చెదురుమదురుగా ఉన్నవి. పిప్పిని పోగుచేయడం, నడుమనున్న బెండును వేరుచేయడం, బెల్లపు పొయ్యికి వేరే వంటచెరకు చూపడం కష్టమే. అందువల్ల గానుగదారు పిప్పిని మండించడం తెలివితక్కువతనం కాదు. అతనికి నేడు ఉన్న చౌక ఇంధనం అదే. అంతకంటె మంచి బేరం ఎవరైనా చూపితే తప్ప అతను మారడు; మారనవసరం కూడా లేదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్నపని చేయించవచ్చును. ప్రతి విద్యార్థి ఒక సంవత్సరంలో వాడే నోటుపుస్తకాలను త్రాసులో తూచి, ఆ బరువును పాఠశాల మొత్తానికి హెచ్చించవలెను. దానిని 1950–51 నాటి 320 గ్రాములతో పోల్చవలెను. తరువాత సంవత్సరాంతంలో ఆ పుస్తకాలు ఎక్కడికి పోయినవో కనుక్కోవలెను. తడిసి, బురదపట్టి, చెత్తకుప్పలో కలిసిన కాగితం మిల్లుకు పనికిరాదు. విడిగా పొడిగా పోగుచేసినది మాత్రం బ్రిటను నుంచి ఓడమీద వచ్చే మూటతో సమానమైన సరుకు. దానికి ఓడకూలి కూడా లేదు.

సీమకాగితం ఇక్కడికి రావడానికి ఒక యంత్రం, ఒక ఉత్తరువు కారణమైనవి. అది పోవడానికి ఒక పరిశోధన, ఒక సుంకం, అనేకమంది రైతుల శ్రమ కారణమైనవి. త్రాసు ఏ కాలంలోను తనంతట తాను వాలలేదు. ఏ సిబ్బెలో పీచు ఉన్నది, ఏ సిబ్బెలో కాగితం ఉన్నది అని చూచుకొంటూ ఉన్న దేశమే దానిని తనవైపు త్రిప్పుకోగలిగినది.